హెర్2 ఫిష్: ఎరుపు మసక, ఆకుపచ్చ దాదాపు మాయం. లోపం ప్రోబ్‌లోనా, సెక్షన్‌లోనా?

స్లైడుపెట్టె | సోమవారం, ఉదయం 10:15

రొమ్ము కేన్సర్ కోర్ బయాప్సీ (సూదితో తీసిన ముక్క), పారాఫిన్ (మైనం) బ్లాకు. హెర్2 ప్రోటీన్‌కు వేసే ఇమ్యునో మరకలో 2+ (అటూ ఇటూ తేలనిది) రావడంతో, హెర్2 జన్యువు కాపీలను వెలిగే ప్రోబ్ (జన్యువుకు అతుక్కునే డీఎన్‌ఏ ముక్కలు)తో లెక్కపెట్టే ఫిష్‌కి పంపారు. చేసిన పద్ధతి ఇదీ: 4 మైక్రాన్ల సెక్షను (పలుచని కోత), చార్జ్ ఉన్న స్లైడు, 60 డిగ్రీల దగ్గర 2 గంటలు బేకింగ్. జైలీన్‌లో 10 నిమిషాల చొప్పున మూడుసార్లు, తర్వాత ఆల్కహాల్, ఆరబెట్టడం. 1 మోలార్ సోడియం థయోసయనేట్ 80 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. పెప్సిన్ 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. ప్రోబ్ 10 మైక్రోలీటర్లు, 22×22 కవర్‌స్లిప్, చుట్టూ రబ్బర్ సిమెంట్. 73 దగ్గర 5 నిమిషాలు డీనేచర్ చేసి (డీఎన్‌ఏ పోగులు విడదీసి) 37 దగ్గర 16 గంటలు ఉంచాం. మర్నాడు 2ఎక్స్ ఎస్‌ఎస్‌సీ (ఉప్పు-సిట్రేట్ బఫర్)లో 0.3% ఎన్‌పీ-40 (డిటర్జెంట్) కలిపిన వాష్, 72 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు.

ఫలితం: హెర్2 ఎరుపు చుక్కలు కష్టం మీద కనిపిస్తున్నాయి. సెప్17 (17వ క్రోమోజోము సెంట్రోమియర్ ప్రోబ్) ఆకుపచ్చ చుక్కలు పది న్యూక్లియస్‌లకు ఒకదాంట్లో ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. స్లైడంతా లేత ఆకుపచ్చ పొగ. అదే రోజు అదే జార్లో నడిచిన కంట్రోల్ స్లైడు మాత్రం చక్కగా వెలిగింది. అదే చోటు నుంచి వచ్చిన ఇంకో బ్లాకుదీ ఇదే తీరు. ప్రోబ్ లాటు కొత్తది, ఈ వారమే తెరిచాం. లాటు మార్చి చూడాలా?

డాపీనీలం | సోమవారం, ఉదయం 10:52

లాటు మార్చకండి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. కంట్రోల్ స్లైడు వెలిగిందంటే ప్రోబ్ బాగానే ఉంది, డీనేచర్ అయింది, వాష్ సరిపోయింది, ఫిల్టర్లూ ల్యాంపూ పనిచేస్తున్నాయి. ఆ రెండు బ్లాకుల కణజాలానికీ కంట్రోల్‌కీ ఉన్న తేడా ఒక్కటే మిగిలింది.

ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్లు కాసేపు పక్కన పెట్టి డాపీ (డీఎన్‌ఏకి పట్టే నీలం రంగు) ఫిల్టర్‌లో మాత్రమే న్యూక్లియస్‌లను చూడండి. మూడు విషయాలు చెప్పండి. న్యూక్లియస్ అంచు కత్తితో కోసినట్టు పదునుగా ఉందా, లేక కొంచెం మెత్తబడిందా? లోపలి నీలం ముద్దలా ఒకే రంగులో ఉందా, లేక క్రోమాటిన్ రేణువులు విడివిడిగా తెలుస్తున్నాయా? న్యూక్లియస్ చుట్టూ సైటోప్లాజం పొరగా మెరుస్తోందా?

దాంతోపాటు ఆ బయాప్సీ ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉందో ఫారం మీద చూడండి. హెర్2 పరీక్షకు 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి.

కాప్లిన్‌జార్ | సోమవారం, ఉదయం 11:20

డాపీనీలం గారితో ఏకీభవిస్తాను. ఒక్క మాట మాత్రం కలపాలి. కంట్రోల్ వెలిగింది కాబట్టి వాష్ సరిపోయిందనడానికి ముందు, కంట్రోల్ జార్లో ఎన్నో స్లైడుగా వెళ్లిందో చూసుకోవాలి. వాటర్‌బాత్ అంకె 72 చూపిస్తున్నా జార్ లోపల 69 ఉండొచ్చు. గది చల్లదనంలో ఉన్న స్లైడును దించిన ప్రతిసారీ జార్ వేడి కొంత పడిపోతుంది. థర్మామీటర్ బాత్‌లో కాదు, జార్లోనే పెట్టాలి. ఒక జార్లో నాలుగుకి మించి వేయకపోవడం మంచిది, గరిష్ఠంగా ఆరు.

అయితే వాష్ చల్లబడితే అక్కడక్కడా అతుక్కున్న అనవసరపు చుక్కలు, మచ్చలు పెరుగుతాయి. అసలు సిగ్నల్ మసకబారదు. వాష్ మరీ వేడెక్కితే, లేదా ఉప్పు గాఢత తగ్గిపోతే అసలు చుక్కలే కొట్టుకుపోతాయి. మీరు చెప్పింది ఈ రెండూ కాదు, పొగ కప్పిన సిగ్నల్.

ఆకుపచ్చే ముందు పోవడానికీ కారణముంది. ఫార్మలిన్‌లో గట్టిపడ్డ కణజాలానికి సొంతంగా ఒక వెలుగు ఉంటుంది. అది నీలం, ఆకుపచ్చ పట్టీల్లోనే బలంగా వస్తుంది. సెప్17 తగిలేది సెంట్రోమియర్ దగ్గర వేలసార్లు పునరావృతమయ్యే ఆల్ఫా శాటిలైట్ డీఎన్‌ఏకి. మామూలుగా అయితే అది హెర్2 కంటే ప్రకాశంగా ఉండాలి. అదే కనబడట్లేదంటే పొగ ఎంత దట్టమో ఊహించుకోవచ్చు.

స్లైడుపెట్టె | సోమవారం, మధ్యాహ్నం 2:05

డాపీలో: అంచు బాగా పదును. లోపల ముద్దగా ముదురు నీలం, రేణువులు తెలియట్లేదు. న్యూక్లియస్‌ల మధ్య కూడా నీలం పొర. ఫారం మీద తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రెండూ ఉన్నాయి. ప్రాసెసింగ్‌కి వెళ్లింది సెలవుల తర్వాత. లెక్కేస్తే 98 గంటలు. రెండో బ్లాకుదీ అంతే.

డాపీనీలం | సోమవారం, మధ్యాహ్నం 3:10

అయితే కేసు తేలినట్టే. సరిపడా జీర్ణం కాని సెక్షను.

ఫార్మాల్డిహైడ్ చేసే పని ప్రోటీన్లను ఒకదానికొకటి, ప్రోటీన్లను డీఎన్‌ఏకీ వంతెనలు వేసి కట్టేయడం. గంటలు పెరిగేకొద్దీ వంతెనలు పెరుగుతాయి. ప్రోబ్ ముక్కలు సుమారు 200 నుంచి 500 బేసుల పొడవుంటాయి. ఆ వలలోంచి దూరి క్రోమోజోమును చేరాలి. 12 గంటలు ఫిక్సయిన ముక్కకు సరిపోయిన 10 నిమిషాల పెప్సిన్, 98 గంటల ముక్కకు పైపొర కూడా కదపదు. ప్రోబ్ ఎంత పోసినా లోపలికి పోదు. పోని ప్రోబ్ పైనే చిక్కుకుంటుంది. మీరు చూస్తున్న పొగలో కొంత అదే.

చేయాల్సింది ఇది. అదే బ్లాకు నుంచి వరుస సెక్షన్లు నాలుగు కోయించండి. పారాఫిన్ తీశాక 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గది ఉష్ణోగ్రత దగ్గర 20 నిమిషాలు ఉంచండి. మీ పద్ధతిలో ఈ మెట్టు కనబడలేదు. ప్రోటీన్లను వదులు చేసి, థయోసయనేట్‌కీ పెప్సిన్‌కీ దారి తీసేది ఇదే. 12 నార్మల్ గాఢ ఆమ్లం 16.7 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్లలోకి పోసి లీటరుకు చేయండి. ఎప్పుడూ ఆమ్లాన్ని నీళ్లలోకే పోయాలి. ఆ తర్వాత థయోసయనేట్ మామూలుగా.

పెప్సిన్ 0.01 నార్మల్ ఆమ్లంలో మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున. ముందు ఆమ్లాన్ని జార్లో 37కి తెచ్చి, స్లైడ్లు దించే ముందే పొడి కలపండి. కలిపి గంటసేపు బాత్‌లో పెట్టిన పెప్సిన్ తనను తానే తినేస్తుంది, పొద్దున్న చేసింది సాయంత్రానికి పనికిరాదు. నాలుగు స్లైడ్లనూ 10, 20, 30, 40 నిమిషాలకు ఒక్కొక్కటిగా బయటికి తీయండి.

ఇంకొకటి. థయోసయనేట్ తర్వాత 2ఎక్స్ ఎస్‌ఎస్‌సీలో కడిగిన స్లైడును నీరు కారుతూ పెప్సిన్‌లో ముంచకండి. ఎస్‌ఎస్‌సీలో ఉండేది సిట్రేట్, పీహెచ్ 7 దగ్గర పట్టి ఉంచే బఫర్. పెప్సిన్‌కి పీహెచ్ 2 దగ్గర కావాలి. ఐదారు స్లైడ్ల నుంచి కారిన బఫరే జార్ పీహెచ్‌ను పైకి లాగుతుంది. అంచును టిష్యూ కాగితానికి ఆనించి నీరు పీల్చనిచ్చి దించండి.

ఇప్పుడే ప్రోబ్ వేయొద్దు. నాలుగు స్లైడ్లనూ కడిగి 70, 85, 100% ఆల్కహాల్‌లో నిమిషం చొప్పున ఉంచి ఆరబెట్టి, 10 మైక్రోలీటర్ల డాపీ వేసి చూడండి. ఏది బాగుందో తేలాక 2ఎక్స్ ఎస్‌ఎస్‌సీలో నిలబెడితే కవర్‌స్లిప్ దానంతటదే జారిపోతుంది. మళ్లీ ఆల్కహాల్ వరుస చేసి ఆ స్లైడు మీదే ప్రోబ్ వేసుకోవచ్చు. ఒక్క చుక్క ప్రోబ్ వృథా కాదు.

పెప్సిన్37 | సోమవారం, సాయంత్రం 5:40

రెండో వైపు ప్రమాదం కూడా చెప్పాలి. తక్కువ జీర్ణమైతే సిగ్నల్ కనబడదు, చదవలేమని వదిలేస్తాం. ఎక్కువ జీర్ణమైతే సిగ్నల్ కనబడుతుంది, కానీ అబద్ధం చెబుతుంది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ హాని.

ఎక్కువైందని డాపీలో ఇలా తెలుస్తుంది. మొదట న్యూక్లియస్ మధ్య భాగం పాలిపోయి గారెలా చిల్లు పడుతుంది. తర్వాత అంచు చెరిగిపోయి పక్క న్యూక్లియస్‌లోకి కారినట్టవుతుంది. చివరికి నీలం నీడ మాత్రమే మిగులుతుంది, చుక్కలు ఆ నీడ బయట తేలుతుంటాయి. అలాంటి చోట లెక్కపెడితే డీఎన్‌ఏ కొంత కొట్టుకుపోయి ఒకటో రెండో చుక్కలు తగ్గుతాయి. అది డిలీషన్‌లా (జన్యువు పోయినట్టు) కనిపిస్తుంది.

కావలసిన స్థితి ఈ రెంటికీ మధ్య: అంచు చెక్కుచెదరకుండా ఉంటూనే కొంచెం మెత్తబడాలి, లోపల క్రోమాటిన్ రవ్వగా విడివిడిగా తెలియాలి, న్యూక్లియస్‌ల మధ్య చీకటిగా ఉండాలి. 30, 40 నిమిషాల స్లైడ్లకు పెప్సిన్ తర్వాత ఫార్మలిన్‌లో 10 నిమిషాలు ఉంచి కడిగితే, డీనేచర్ వేడికి కణాలు ఊడిపోకుండా పట్టు దొరుకుతుంది.

పెప్సిన్ సమయం పెంచే బదులు డీనేచర్ వేడిని 80కి, 85కి పెంచేవాళ్లున్నారు. ఆ దారి వద్దు. ఆ కాసేపటి వేడి మూసుకున్న వలను సరిపడా తెరవదు, న్యూక్లియస్‌ను మాత్రం పాడుచేస్తుంది.

సైటోవరుస | సోమవారం, రాత్రి 8:15

ఈ పెప్సిన్ వైద్యం ఫార్మలిన్ బ్లాకులకే. బోయిన్ ద్రావణంలో ఫిక్స్ చేసినవి, ఎముక ముక్కను బలమైన ఆమ్లంతో డీకాల్సిఫై చేసినవి (కాల్షియం తీసి మెత్తబరచినవి) ఎన్ని నిమిషాలు ఉంచినా బాగుపడవు. అక్కడ డీఎన్‌ఏ అప్పటికే ముక్కలైపోయింది. ఎముకకు పాకిన రొమ్ము కేన్సర్ మీద హెర్2 చూడాలంటే ఈడీటీఏతో డీకాల్సిఫై చేయమని ముందే చెప్పి పంపాలి.

క్రోమోజోమ్17 | మంగళవారం, ఉదయం 9:30

స్లైడు బాగుపడ్డాక లెక్క దగ్గర మళ్లీ ఇరుక్కోకుండా ఇది ముందే చెబుతున్నా.

హెచ్‌అండ్‌ఈ (మామూలు పాథాలజీ రంగు) స్లైడు మీద పాథాలజిస్టు గీసిన ఇన్వేసివ్ (చుట్టూ చొచ్చుకుపోయిన) భాగంలోనే లెక్కపెట్టాలి. పాలనాళం లోపలే ఉన్న ఇన్‌సిటు భాగం ఎంత మెరిసినా దాన్ని కలపకూడదు. ఒకదానిమీద ఒకటి పడ్డ న్యూక్లియస్‌లు, అంచు తెగినవి వదిలేయాలి. కనీసం 20 న్యూక్లియస్‌లు. రెండు ఎరుపు చుక్కల మధ్య ఒక చుక్క వెడల్పు కంటే తక్కువ దూరం ఉంటే ఒకటిగానే లెక్క. మొదట తక్కువ మాగ్నిఫికేషన్‌లో భాగమంతా చుట్టి రండి. 10% కంటే ఎక్కువ కణాలు ఒక గుంపుగా ఆంప్లిఫై అయి (హెర్2 కాపీలు బాగా పెరిగి), మిగతావి మామూలుగా ఉంటే రెండిటినీ విడిగా లెక్కించి విడిగా రాయాలి. కలిపి సగటు తీస్తే ఆ గుంపు మాయమైపోతుంది.

2018 ఆస్కో-క్యాప్ (అమెరికా కేన్సర్ వైద్యుల, పాథాలజిస్టుల సంఘాల) నియమాల్లో ఐదు గ్రూపులు. 2023లో వాటినే మళ్లీ ఖాయం చేశారు. నిష్పత్తి (హెర్2 ÷ సెప్17) 2.0 లేదా పైన, హెర్2 సగటు (న్యూక్లియస్‌కు చుక్కలు) 4.0 లేదా పైన అయితే గ్రూపు 1, పాజిటివ్. నిష్పత్తి 2.0 కంటే తక్కువ, సగటు 4.0 కంటే తక్కువైతే గ్రూపు 5, నెగటివ్. ఈ రెంటితో పేచీ లేదు. మధ్యలో మూడున్నాయి. నిష్పత్తి 2.0 లేదా పైన ఉండి సగటు 4.0 కంటే తక్కువైతే గ్రూపు 2. నిష్పత్తి 2.0 కంటే తక్కువైనా సగటు 6.0 లేదా పైన ఉంటే గ్రూపు 3. నిష్పత్తి 2.0 కంటే తక్కువ, సగటు 4.0 నుంచి 6.0 లోపు అయితే గ్రూపు 4.

ఒక ఉదాహరణ. 20 న్యూక్లియస్‌లలో మొత్తం హెర్2 చుక్కలు 92, సెప్17 చుక్కలు 54. హెర్2 సగటు 4.6, సెప్17 సగటు 2.7, నిష్పత్తి 1.70. గ్రూపు 4. నిష్పత్తి చూసి నెగటివ్ అని ఫైలు మూసేయకూడదు, సగటు చూసి పాజిటివ్ అనకూడదు. అదే బ్లాకు ఇమ్యునో పక్కన పెట్టుకోవాలి. అది 2+ అయితే, మొదటి లెక్క తెలియని రెండో వ్యక్తి ఇమ్యునో మరక ఉన్న భాగంలోనే కనీసం 20 న్యూక్లియస్‌లు మళ్లీ లెక్కపెట్టాలి. అప్పుడూ గ్రూపు 4లోనే ఉంటే వివరణతో కలిపి నెగటివ్ అని రాస్తారు. గ్రూపు 2కీ అంతే. గ్రూపు 3 అలాగే నిలిస్తే పాజిటివ్.

కాప్లిన్‌జార్ | మంగళవారం, ఉదయం 10:10

మీ ఉదాహరణలో సెప్17 సగటు 2.7 ఉంది కదా. క్రోమోజోము మొత్తం పెరిగిందా, సెంట్రోమియర్ దగ్గర మాత్రమే పెరిగిందా అనేది సెప్17 చెప్పలేదు. అదే క్రోమోజోము మీద 17పీ11.2 లాంటి వేరే చోటికి తగిలే ప్రోబ్ వేసి నిష్పత్తి మళ్లీ చూడడం మేలు కదా?

క్రోమోజోమ్17 | మంగళవారం, ఉదయం 10:48

పరిశోధనకైతే తప్పకుండా వేయండి, అది నిజంగా ఆసక్తికరమైన ప్రశ్న. అసలైన పాలిసోమీ 17 (17వ క్రోమోజోము మొత్తమే ఎక్కువ కాపీలుండడం) చాలా అరుదు. సెప్17 ఎక్కువగా కనిపించిన కేసుల్లో చాలావాటికి కారణం సెంట్రోమియర్ చుట్టుపక్కల పెరుగుదలే.

రోగి రిపోర్టు కోసమైతే ఆ దారి పట్టొద్దు. 17వ క్రోమోజోములో హెర్2తోపాటు వేరే జన్యువులూ కేన్సర్లో పెరుగుతుంటాయి, తరుగుతుంటాయి. అదే క్రోమోజోము మీదున్న టీపీ53 జన్యువు దగ్గరి ప్రోబ్‌ను భాగహారంలో పెట్టారనుకోండి, ఆ కణంలో టీపీ53 ఒకటి పోయి ఉంటే నిష్పత్తి ఒక్కసారిగా రెట్టింపవుతుంది. హెర్2 ఏమీ పెరగకుండానే పాజిటివ్ వస్తుంది. ఒక ప్రోబ్ కుదరలేదని ఇంకోటి, అదీ కుదరలేదని మూడోది వేసుకుంటూ పోతే ఏదో ఒకదాంట్లో 2.0 దాటుతుంది. 2018 నియమాలు ఈ ప్రత్యామ్నాయ ప్రోబ్‌లను తగ్గించి ఇమ్యునోతో కలిపి చూడమన్నది ఇందుకే.

కాప్లిన్‌జార్ | మంగళవారం, ఉదయం 11:05

టీపీ53 లెక్క సరే, ఒప్పుకుంటున్నాను. అయినా సెప్17 సగటు 3.0 దాటినప్పుడు ఆ అంకెను రిపోర్టులో రాయకుండా వదిలేయడం నాకు నచ్చదు. నిష్పత్తి మారకపోయినా ఆ అంకె చదివేవాళ్లకు కావాలి.

క్రోమోజోమ్17 | మంగళవారం, ఉదయం 11:12

అందులో వాదం లేదు. రెండు సగటులూ, నిష్పత్తీ, లెక్కపెట్టిన కణాల సంఖ్యా నాలుగూ రాయాల్సిందే.

పిత్తనాళం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

హెర్2 కాదు గానీ ప్రోబ్‌ల గురించే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. కాలేయం లోపలి పిత్తనాళ కేన్సర్లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువు ఫ్యూజన్లు (విరిగి వేరే జన్యువుతో అతుక్కోవడం) చూడాలి, పరిశోధన కోసమే. కొన్న ప్రోబ్ ఖరీదు భరించలేం. బాక్ క్లోన్లతో (బ్యాక్టీరియాలో పెంచే పెద్ద మానవ డీఎన్‌ఏ ముక్కలు) బ్రేక్-అపార్ట్ ప్రోబ్ సొంతంగా చేసుకోవచ్చా? ఏఎల్‌కే (ఊపిరితిత్తుల కేన్సర్లో చూసే జన్యువు) చదివినట్టే చదవొచ్చా?

బాక్‌క్లోన్ | మంగళవారం, మధ్యాహ్నం 3:45

చేసుకోవచ్చు, పని ఓపికగా చేయాలి. మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు: ఏఎల్‌కే చదివినట్టు చదవకూడదు.

బ్రేక్-అపార్ట్‌లో జన్యువుకు ఒకవైపు ఎరుపు, రెండోవైపు ఆకుపచ్చ. మామూలు కణంలో రెండూ కలిసి పసుపు జంటగా ఉంటాయి. విరిగితే దూరమవుతాయి. మధ్య దూరం రెండు చుక్కల వెడల్పు ఉంటేనే విడిపోయినట్టు లెక్క. ఏఎల్‌కేలో కైనేజ్ (ఎంజైమ్) భాగం జన్యువు 3' చివర ఉంటుంది, ఫ్యూజన్‌లో అదే మిగులుతుంది. అందుకే 3' వైపు చుక్క ఒంటరిగా మిగిలినా పాజిటివ్. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2లో తెగేది ఎక్కువగా 17వ ఇంట్రాన్ దగ్గర, కైనేజ్‌తో సహా 5' వైపు మొత్తం నిలిచి, తోక భాగం పోయి వేరే జన్యువు అతుక్కుంటుంది. కాబట్టి ఇక్కడ ఒంటరిగా మిగిలితే అర్థముండేది 5' చుక్క. ఏ రంగు ఏ వైపో పెట్టె మీద, నోట్‌బుక్‌లో, స్లైడు మ్యాపులో మూడుచోట్లా రాయండి. ఇది తారుమారైతే ఫలితమంతా తారుమారు.

ఇంకో పరిమితి. భాగస్వామి జన్యువు దూరంగా ఉంటే, ఉదాహరణకు 10వ క్రోమోజోములోనే 10క్యూ21లో ఉన్న బీఐసీసీ1, చుక్కలు స్పష్టంగా విడిపోతాయి. టాక్2 మాత్రం ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 పక్కనే, అదే 10క్యూ26లో ఉంది. దానితో ఫ్యూజన్ అయితే చుక్కలు కలిసే కనిపించవచ్చు. ఫిష్ నెగటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి పంపండి.

ఇక తయారీ. యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్లో ఆర్‌పీ11 లైబ్రరీ క్లోన్లు చూసి తెగే చోటికి అటొకటి, ఇటొకటి ఎంచుకోండి. వైపుకు రెండు క్లోన్లు వరుసగా తీసుకుంటే పారాఫిన్‌లో చుక్క కంటికి ఆనుతుంది, ఒక్కటే అయితే తరచూ చిన్నబోతుంది. క్లోరాంఫెనికాల్ మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు ఉన్న ఎల్‌బీ ప్లేటు మీద గీసి, ఒకే కాలనీ నుంచి పెంచండి. వచ్చిన డీఎన్‌ఏను రెండు చివర్లా సీక్వెన్స్ చేయించండి. ట్యూబు మీద పేరు ఒకటి, లోపల క్లోను ఇంకొకటి ఉండే అవకాశాన్ని ఎప్పుడూ కొట్టిపారేయలేం.

లేబుల్ చేయడానికి నిక్ ట్రాన్స్‌లేషన్. 50 మైక్రోలీటర్లలో 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏ, రంగు అంటించిన డీయూటీపీ, డీఎన్‌ఏస్-1, పాలిమరేస్-1. 15 డిగ్రీల దగ్గర 2 గంటలు. ఆ తర్వాత ఆపేయకండి. ట్యూబును ఐసులో పెట్టి 5 మైక్రోలీటర్లు 2% అగరోస్ జెల్ మీద నడపండి. 200 నుంచి 500 బేసుల మధ్య పొగలా పరచుకోవాలి. పైనే ఉండిపోతే మళ్లీ 15 డిగ్రీలకు తెచ్చి ఇంకో అరగంట. 100 కంటే కిందికి దిగిపోతే ఆ ట్యూబు పారేయండి, అంత చిన్న ముక్కలు వాష్‌లో నిలవవు. సరైన చోట ఉంటే ఈడీటీఏ వేసి 65 దగ్గర 10 నిమిషాలు.

క్లోన్లలో ఆలూ, ఎల్1 వంటి పునరావృత ముక్కలు బోలెడు. అవి జీనోమంతా అతుక్కుంటే న్యూక్లియస్ మొత్తం రంగులో మునుగుతుంది. ఒక స్లైడుకు లేబుల్ చేసిన ప్రోబ్ 100 నానోగ్రాములైతే కాట్-1 డీఎన్‌ఏ 5 మైక్రోగ్రాములు కలిపి ఆల్కహాల్‌తో పడగొట్టి, 50% ఫార్మమైడ్, 10% డెక్స్‌ట్రాన్ సల్ఫేట్, 2ఎక్స్ ఎస్‌ఎస్‌సీ ఉన్న బఫర్ 10 మైక్రోలీటర్లలో కరిగించండి. 75 దగ్గర 5 నిమిషాలు డీనేచర్ చేసి, 37 దగ్గర అరగంట ఉంచాకే స్లైడు మీద వేయాలి. ఆ అరగంటలో కాట్-1 వెళ్లి పునరావృత ముక్కలను కప్పేస్తుంది.

కణితి మీద వేసే ముందు మామూలు రక్తం నుంచి చేసిన మెటాఫేజ్‌ల (విభజనలో క్రోమోజోములు విడిగా కనిపించే కణాలు) మీద వేసి, 10క్యూ చివర తప్ప మరెక్కడా చుక్క లేదని చూసుకోండి. ఇది దాటవేయకూడని మెట్టు.

పిత్తనాళం | మంగళవారం, సాయంత్రం 4:30

చాలా థాంక్స్ అండి. ఎన్ని శాతం కణాలు విడిపోతే పాజిటివ్ అనాలి? ఏఎల్‌కేకి వాడే 15% పెట్టుకోవచ్చా?

సైటోవరుస | మంగళవారం, సాయంత్రం 6:00

అరువు తెచ్చుకోకండి. ఆ 15% ఒక ప్రత్యేక ప్రోబ్‌కి, ఒక ప్రత్యేక పద్ధతికి తేల్చింది. మీ ప్రోబ్‌కి మీ కటాఫ్ మీరే తేల్చాలి.

ఫ్యూజన్ లేని మామూలు కణజాలాలు తీసుకుని అదే పద్ధతిలో, అదే మందంలో లెక్కపెట్టండి. అన్నిటిలోకీ ఎక్కువ తప్పుడు పాజిటివ్‌లు ఇచ్చిన నమూనా అంకె తీసుకుని ఎక్సెల్‌లో విలోమ బీటా ఫంక్షన్ వేయండి: బీటాఇన్వ్(0.95, తప్పుడు కణాలు + 1, లెక్కపెట్టిన కణాలు). 200 కణాల్లో ఒక్కటీ లేకపోతే కటాఫ్ 1.5% వస్తుంది. ఒకటుంటే 2.3%, రెండుంటే 3.1%, మూడుంటే 3.8%.

ఈ చిన్న అంకెలు రక్తం, ఎముక మజ్జ కణాలకు సరిపోతాయి. అక్కడ కణం మొత్తంగా స్లైడు మీద ఉంటుంది. రక్త కేన్సర్లో చూసే బీసీఆర్-ఏబీఎల్1 డ్యుయల్ ఫ్యూజన్ ప్రోబ్‌లో, మామూలు కణంలో ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ, రెండు పసుపు కలిసి కనిపించాలంటే రెండు ఫ్యూజన్లూ ఒకే కణంలో యాదృచ్ఛికంగా పడాలి. అది చాలా అరుదు, కాబట్టి కటాఫ్ చిన్నది. అదే ప్రోబ్‌లో ఒక పసుపు మాత్రమే ఉన్న అమరికకు కటాఫ్ వేరుగా, పెద్దదిగా వస్తుంది, ఎందుకంటే ఒక ఎరుపు మీద ఒక ఆకుపచ్చ ఊరికే పడడం మామూలే. ఒకే ప్రోబ్ అయినా ప్రతి అమరికకూ విడి కటాఫ్ ఉండాలి.

పారాఫిన్‌లో ఇంకో చిక్కు. 10, 12 మైక్రాన్ల కణితి న్యూక్లియస్‌ను 4 మైక్రాన్ల పొరగా కోస్తాం. చుక్కల్లో కొన్ని పక్క సెక్షన్‌లో ఉండిపోతాయి. కాబట్టి ఒక చుక్క తక్కువగా కనిపించే కణాలు ఆరోగ్యకరమైన కణజాలంలోనూ చాలా ఉంటాయి. డిలీషన్ కోసం చూసేవాళ్లు ఈ సంఖ్యను పక్కాగా కొలవకపోతే లేని డిలీషన్ కనిపెడతారు.

కాప్లిన్‌జార్ | బుధవారం, ఉదయం 9:20

సొంత ప్రోబ్, సొంత బఫర్ చేసుకునేవాళ్ల కోసం. 20ఎక్స్ ఎస్‌ఎస్‌సీ లీటరుకు సోడియం క్లోరైడ్ 175.3 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 88.2 గ్రాములు, పీహెచ్ 7.0. దాన్నుంచి 2ఎక్స్ కావాలంటే లీటరుకు 100 మిల్లీలీటర్లు. ఎన్‌పీ-40 జిగురుగా ఉంటుంది. 3 మిల్లీలీటర్లు పైపెట్‌తో లాగితే సగం గోడకే అంటుకుంటుంది. కొన కత్తిరించిన టిప్‌తో నెమ్మదిగా తీసి, అదే బఫర్‌లో టిప్‌ను పైకీ కిందికీ ఆడించి కడగండి. లేకపోతే మీ 0.3% నిజానికి 0.2% అవుతుంది.

ఫార్మమైడ్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ లేకుండా తెరవొద్దు. గర్భిణులకు ఈ పని అప్పగించొద్దు.

ప్రోబ్ ట్యూబు ఫ్రీజర్ నుంచి తీశాక గది వేడికి రానిచ్చి, కలిపి, ఒక్క క్షణం సెంట్రిఫ్యూజ్ చేసి తీయాలి. డెక్స్‌ట్రాన్ వల్ల చిక్కగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు 10 మైక్రోలీటర్లు అనుకున్నది 7 వస్తుంది.

స్లైడుపెట్టె | గురువారం, మధ్యాహ్నం 12:40

డాపీనీలం గారు చెప్పిన వరుసలో చేశాం. ఆమ్లం 20 నిమిషాలు కలిపాం, పెప్సిన్ తాజాగా కలిపాం, స్లైడు అంచులు ఆర్చి దించాం.

10 నిమిషాలు: పాత స్థితే, అంచు పదును, ముద్ద నీలం. 20 నిమిషాలు: మధ్యలో రేణువులు తెలుస్తున్నాయి, న్యూక్లియస్‌ల మధ్య పొర ఇంకా ఉంది. 30 నిమిషాలు: అంచు నిలిచే ఉంది, రవ్వ తెలుస్తోంది, చుట్టూ చీకటి. 40 నిమిషాలు: కొన్నింటికి మధ్యలో చిల్లు.

30 నిమిషాల స్లైడును ఫార్మలిన్‌లో 10 నిమిషాలు ఉంచి కడిగి ప్రోబ్ వేశాం. పొగ లేదు, ఆకుపచ్చ చుక్కలు ఎరుపు కంటే ప్రకాశంగా ఉన్నాయి. ఇద్దరు విడిగా లెక్కపెట్టారు. మొదటి లెక్క: 20 న్యూక్లియస్‌లలో హెర్2 71, సెప్17 43. సగటులు 3.55, 2.15, నిష్పత్తి 1.65. రెండో లెక్కలో నిష్పత్తి 1.6. గ్రూపు 5.

రెండో బ్లాకుకూ ఇలాగే చేస్తాం. ఇకపై అన్ని బ్లాకులకూ 30 నిమిషాలు స్థిరం చేసుకోవచ్చా?

క్రోమోజోమ్17 | గురువారం, మధ్యాహ్నం 1:15

ఇమ్యునో 2+, ఫిష్ నెగటివ్ కాబట్టి ఇది ఇప్పుడు ‘హెర్2-లో’ (HER2-low, అంటే హెర్2 తక్కువ) వర్గం కింద వస్తుంది. 2022 తర్వాత ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ మందు వల్ల ఈ వర్గానికి చికిత్సలో చోటు దొరికింది. నెగటివ్ అని రాసేటప్పుడు ఇమ్యునో 2+ అన్న మాట రిపోర్టులో పక్కనే ఉండేలా చూడండి.

డాపీనీలం | గురువారం, మధ్యాహ్నం 1:32

30 నిమిషాలు స్థిరం చేయకండి. 12 గంటలు ఫిక్సయిన బ్లాకును 30 నిమిషాలు ఉంచితే మీ 40 నిమిషాల స్లైడు కంటే అధ్వానంగా వస్తుంది. 72 గంటల లోపు ఫిక్సయినవాటికి మీ 10 నిమిషాలే మొదలు, డాపీలో చూసి అవసరమైతే 5 నిమిషాలు పెంచండి. 72 దాటినవాటికి 20తో మొదలుపెట్టి ముందు డాపీ చూడండి. రిపోర్టులో ఫిక్సేషన్ 98 గంటలని, పెప్సిన్ సమయం మార్చామని ఒక వాక్యం రాయండి. బయాప్సీ పంపేవాళ్లకూ ఫోన్ చేసి, సెలవులు వస్తున్నప్పుడు ముక్కను ఫార్మలిన్ నుంచి 70% ఆల్కహాల్‌లోకి మార్చి పెట్టమని చెప్పండి. ఫార్మలిన్ గంటలు అక్కడితో ఆగుతాయి.